ఔట్‌లైన్ ఎడిటర్‌లో రకరకాల ఫైళ్లు సరిగ్గా తెరవాలంటే: పార్సర్ కంటే ముందు సేవ్ సంగతి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఔట్‌లైన్ పద్ధతిలో, అంటే టెక్స్ట్‌ని నోడ్లనే ముక్కలుగా చెట్టు (ట్రీ) ఆకారంలో చూపిస్తూ పనిచేసే టెక్స్ట్ ఎడిటర్ ఒకటి రాస్తున్నారు. దాని సొంత ఫార్మాట్ ఫైళ్లు బాగానే తెరుచుకుంటున్నాయి. మార్క్‌డౌన్, పైథాన్, ఓపీఎంఎల్ (ఔట్‌లైన్లకు వాడే ఎక్స్‌ఎంఎల్ ఫార్మాట్), జేసన్ లాంటివి మాత్రం ఎక్స్‌టెన్షన్ చూసి ఒక పొడవాటి ఇఫ్-ఎల్స్ వరుసలోకి వెళ్తున్నాయి. అందులో లేని రకం వస్తే మొత్తం సరుకంతా ఒకే నోడ్‌లో కుప్పగా పడుతోంది, లేదంటే ఎర్రర్ వస్తోంది. ఇంకా ఎక్కువ రకాలకు పార్సర్లు (ఫైలు చదివి దాని నిర్మాణం గుర్తుపట్టే కోడ్) రాయాలి, ఎక్కడ మొదలుపెట్టమంటారు అని అడిగారు.

పార్సర్ల దగ్గర మొదలుపెట్టకండి. సేవ్ దగ్గర మొదలుపెట్టండి. ఫైలును ముక్కలు చేసి ట్రీగా చూపించడం పెద్ద కష్టమేం కాదు. యూజర్ అందులో ఒక్క అక్షరం మార్చి సేవ్ కొడితే, ఆ అక్షరం తప్ప ఇంకేదీ మారకుండా ఫైలు తిరిగి డిస్కు మీదకు వెళ్లాలి. అసలు పనంతా అక్కడుంది. ఊరికే తెరిచి సేవ్ చేసినందుకే గిట్‌లో (ఫైళ్ల మార్పులను నమోదు చేసే టూల్) పదుల లైన్ల తేడా కనబడిందంటే, ఆ ఎడిటర్‌ని జనం మళ్లీ ముట్టుకోరు. కారణం చెప్పి వెళ్లరు కూడా.

కాబట్టి ఏ ఫైలు రకాన్ని కలిపే ముందైనా ఒకటి తేల్చుకోండి: దీన్ని తిరిగి బైటు తేడా లేకుండా రాయగలనా? మార్క్‌డౌన్, ఆర్గ్ (ఈమ్యాక్స్ ఎడిటర్ ఔట్‌లైన్ ఫార్మాట్), సోర్స్ కోడ్ ఫైళ్ల విషయంలో రాయగలరు. అవి నిజంగా 'ఓపెన్' చేయదగ్గవి. వర్డ్ డాక్యుమెంట్ లాంటివాటి నుంచి హెడింగులు, పేరాలు లాగగలరు గానీ, ఆ టేబుళ్లు, స్టైళ్లు, కామెంట్లతో సహా తిరిగి కట్టలేరు. అలాంటివాటిని 'ఇంపోర్ట్' అనండి. పేరు లేని కొత్త ఔట్‌లైన్‌గా తెరవండి. కంట్రోల్-ఎస్ కొట్టినా పాత ఫైలు మీదకు వెళ్లే దారే ఉండకూడదు. ఇక బొమ్మలు, డేటాబేస్ ఫైళ్లు వస్తే 'ఇది టెక్స్ట్ కాదు' అని మర్యాదగా చెప్పి ఆగిపోవడమే మేలు. ఈ తేడాను మెనూలోనే చూపించండి. చాలా ఎడిటర్లు ఓపెన్‌నీ ఇంపోర్ట్‌నీ ఒకే బటన్ కింద పెట్టి యూజర్ ఫైళ్లను పాడుచేస్తాయి.

ఇది తేలాక ఇఫ్-ఎల్స్ వరుసను తీసేసి, ఒక్కో రకానికి ఒక్కో హ్యాండ్లర్ పెట్టండి. ప్రతి హ్యాండ్లరూ నాలుగు ప్రశ్నలకు జవాబివ్వాలి: ఫైలు పేరు, మొదటి కొన్ని వేల బైట్లు ఇస్తే అది నీదేనన్న నమ్మకం నూటికి ఎంత, టెక్స్ట్ ఇస్తే నోడ్లుగా ఎలా విడగొడతావు, నోడ్లిస్తే టెక్స్ట్‌గా ఎలా కలుపుతావు, తిరిగి రాయగలవా లేదా. అందరినీ అడిగి, ఎక్కువ మార్కులు చెప్పినవాడికి ఫైలు అప్పగించండి. ఎవరూ ముందుకు రాకపోతే 'మామూలు టెక్స్ట్' హ్యాండ్లర్ ఉండనే ఉంటుంది. అది ఒకే నోడ్ ఇస్తుంది, ఎప్పుడూ ఫెయిల్ కాదు. మీరు ఇప్పుడు లోపం అనుకుంటున్న ఆ 'ఒకే నోడ్' నిజానికి మీకున్న అతి సురక్షితమైన దారి, దాన్ని పారేయకండి.

నమ్మకానికి మార్కులు ఎందుకంటే, ఎక్స్‌టెన్షన్ వట్టి సూచన. డాట్ టీఎస్ అని ఉంటే అది టైప్‌స్క్రిప్ట్ కావచ్చు, క్యూట్ అప్లికేషన్ల అనువాదాలుండే ఎక్స్‌ఎంఎల్ కావచ్చు, ఎంపెగ్ ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ వీడియో కూడా కావచ్చు. వీడియో అయితే ప్రతి 188 బైట్లకూ ఒకసారి 71 అనే బైటు వస్తుంది. ఒక్క 71ని చూసి తేల్చకండి, అది ఇంగ్లిష్ పెద్ద 'జీ' అక్షరం కూడా. 0, 188, 376 స్థానాల్లో మూడుచోట్లా అదే ఉంటే మాత్రం ఇక అనుమానం అక్కర్లేదు. డాట్ ఎం అంటే ఆబ్జెక్టివ్-సీ, మ్యాట్‌ల్యాబ్ రెండూ. డాట్ పీఎల్ అంటే పెర్ల్, ప్రోలాగ్ రెండూ. మేక్‌ఫైల్, డాకర్‌ఫైల్‌లకు అసలు ఎక్స్‌టెన్షనే లేదు. స్క్రిప్టులకు చాలాసార్లు మొదటి లైన్‌లోని #! ఒక్కటే ఆధారం. జిప్ ఫైలు 80, 75, 3, 4 అనే బైట్లతో మొదలవుతుంది. వర్డ్ డాక్యుమెంట్లు, ఈపబ్ పుస్తకాలు కూడా లోపల జిప్‌లే కాబట్టి ఆ నాలుగు బైట్లు చూసి ఆగిపోకుండా లోపలి ఫైళ్ల పేర్లు కూడా చూడాలి.

ఎంత చేసినా ఎక్కడో ఒకచోట తప్పు ఊహిస్తారు. అందుకని 'ఈ రకంగా తెరువు' అని ఒక మెనూ పెట్టి, యూజర్ ఒకసారి చెప్పింది ఆ ఫైలుకు గుర్తుంచుకోండి. తెరిచే ప్రతిసారీ డైలాగ్ బాక్స్ పెట్టి అడగడం మాత్రం వద్దు, విసుగొచ్చి చదవకుండానే ఓకే నొక్కేస్తారు.

ఇప్పుడు ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే తెలుగు ఫైళ్లతో పరీక్షించని ఎడిటర్లలో ఒక బగ్ మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఫైలు రకం పసిగట్టడానికి మొదటి 4096 బైట్లు చదువుతారు. అవి యూటీఎఫ్-8గా సరిపోతే సరే, లేకపోతే లాటిన్-1 (పశ్చిమ యూరప్ భాషల పాత ఎన్‌కోడింగ్) అనుకుంటారు. తెలుగు బ్లాక్‌లోని ప్రతి యూనికోడ్ గుర్తూ, అచ్చైనా గుణింతపు గుర్తైనా పొల్లైనా, యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది. 4096ని 3తో భాగిస్తే 1365 గుర్తులు పోగా ఒక బైటు మిగులుతుంది. మధ్యలో స్పేసులు, లైన్ బ్రేకులు ఉంటాయి కాబట్టి కోత సరిగ్గా ఎక్కడ పడుతుందో ఫైలును బట్టి మారుతుంది, కానీ గుర్తు మధ్యలో పడే అవకాశమే ఎక్కువ. స్ట్రిక్ట్ డీకోడర్ 'చివర అసంపూర్తిగా ఉంది' అని ఎర్రర్ ఇస్తుంది. ఎడిటర్ వెంటనే లాటిన్-1కి దిగిపోతుంది. లాటిన్-1 ఏ బైటునీ కాదనదు కాబట్టి ఇంకెక్కడా ఎర్రర్ రాదు. తెర మీద తెలుగు బదులు పిచ్చి అక్షరాలు వస్తాయి. దాన్నే యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే ఒక్కో గుర్తు 3 బైట్ల నుంచి 6 బైట్లయి కూర్చుంటుంది. ఇంగ్లిష్ ఫైళ్లతో పరీక్షించినంతకాలం ఇది బయటపడనే పడదు.

మందు సులువే. ముక్కను డీకోడ్ చేసేటప్పుడు 'ఇంకా డేటా ఉంది' అని చెప్పగలిగే ఇంక్రిమెంటల్ డీకోడర్ వాడండి. ఎన్‌కోడింగ్ విషయంలో తుది నిర్ణయం మాత్రం మొత్తం ఫైలు చదివాకే తీసుకోండి, ఎలాగూ చదువుతారు కదా. నిజంగానే కొన్ని బైట్లు చెడిపోయి ఉంటే, పైథాన్‌లో సరొగేట్‌ఎస్కేప్ అనే ఎర్రర్ పద్ధతి ఉంది. అది చదవలేని బైట్లను దాచిపెట్టి, రాసేటప్పుడు యథాతథంగా తిరిగి ఇస్తుంది. మిగతా భాషల్లో అలాంటిది మీరే కట్టుకోవాలి, లేదా ఆ ఫైలును చూడ్డానికే అన్నట్టు తెరవాలి.

ఫైలు మొదట్లో 239, 187, 191 అనే మూడు బైట్లుంటే అది యూటీఎఫ్-8 బామ్ (ఎన్‌కోడింగ్ ఏదో చెప్పడానికి ఫైలు ముందు పెట్టే గుర్తు). తీసేయండి, కానీ ఉండేదని గుర్తు పెట్టుకుని సేవ్‌లో మళ్లీ పెట్టండి. తీయకపోతే మొదటి లైన్‌లోని # లైన్ మొదట్లో లేనట్టు లెక్కయి, మార్క్‌డౌన్‌లో తొలి హెడింగ్ ఒక్కటే మాయమవుతుంది. కళ్లకు కనబడని అక్షరం కాబట్టి కారణం దొరక్క గంటలు పోతాయి. సున్నా బైటు కనబడితే బైనరీ అనుకోవడం మంచి పద్ధతే. గిట్ కూడా మొదటి 8000 బైట్లలో సున్నా ఉందేమో చూసే తేలుస్తుంది. కానీ యూటీఎఫ్-16 టెక్స్ట్‌లో సున్నాలు సహజం, అందుకే బామ్ పరీక్ష ముందు, సున్నా పరీక్ష తర్వాత.

లైన్ చివరలు కూడా అంతే. విండోస్ పద్ధతో, యూనిక్స్ పద్ధతో ఫైలుకొకటి గుర్తుంచుకుంటే చాలదు, రెండూ కలిసిన ఫైళ్లు బోలెడు. లైన్‌తో పాటే దాని చివరను అట్టే ఉంచేయండి. పైథాన్‌లో రాస్తుంటే ఫైలు తెరిచేటప్పుడు న్యూలైన్ పారామీటర్‌కి ఖాళీ స్ట్రింగ్ ఇవ్వాలి, లేకపోతే అది మీకు చెప్పకుండానే అన్నింటినీ యూనిక్స్ పద్ధతికి మార్చేస్తుంది. లైన్లు విడగొట్టే స్ప్లిట్‌లైన్స్ ఫంక్షన్‌తో జాగ్రత్త. అది ఫార్మ్ ఫీడ్ దగ్గర, యూనికోడ్ లైన్ సెపరేటర్ దగ్గర కూడా లైను విరుస్తుంది. పైథాన్ పార్సర్ విరవదు. ఇద్దరి లైన్ నంబర్లూ కలవక, నోడ్లన్నీ ఒక లైను పక్కకు జరుగుతాయి.

విడగొట్టడం విషయంలో నాది ఒకటే నియమం: పార్స్ చేసి మళ్లీ కట్టొద్దు, కోసి మళ్లీ అతికించండి. పార్సర్ నుంచి మీకు కావలసింది 'ఇక్కడ కోయి' అనే స్థానాలు మాత్రమే. అసలు టెక్స్ట్ ఎప్పుడూ ఫైల్లో ఉన్నదే. జేసన్ ఫైలును లోపలికి చదివి మళ్లీ బయటకు రాస్తే జావాస్క్రిప్ట్‌లో 1.0 కాస్తా 1 అవుతుంది, 9007199254740991 దాటిన పూర్ణాంకాల చివరి అంకెలు మారిపోవచ్చు, ఒకే పేరుతో రెండు కీలు ఉంటే ఒకటి ఎగిరిపోతుంది. యామెల్ అయితే చాలా లైబ్రరీలు కామెంట్లన్నీ ఊడ్చేస్తాయి. కోసి అతికిస్తే ఈ గొడవ ఒక్కటీ ఉండదు.

మార్క్‌డౌన్ తేలిక అనిపిస్తుంది, # ఉన్న లైన్లు వెతికితే అయిపోయిందనుకుంటాం. కోడ్ బ్లాక్‌లో ఉన్న షెల్ స్క్రిప్ట్ కామెంట్లు కూడా #తోనే మొదలవుతాయి. మూడు బ్యాక్‌టిక్‌ల కంచె ఎక్కడ తెరిచి ఎక్కడ మూశారో లెక్కపెట్టుకుంటూ వెళ్లాలి. మూసే కంచెలో తెరిచినదానికంటే తక్కువ బ్యాక్‌టిక్‌లుంటే అది మూసినట్టు కాదు. అసలు మూయకపోతే ఫైలు చివరిదాకా కోడే. కింద గీత గీసే హెడింగులు ఇంకో తలనొప్పి. పేరా కిందనే --- ఉంటే అది రెండో స్థాయి హెడింగ్, ఖాళీ లైను తర్వాత ఉంటే అడ్డగీత, ఫైలు మొదటి లైన్‌లోనే ఉంటే చాలా టూల్స్ దాన్ని ఫ్రంట్ మ్యాటర్‌గా (ఫైలు గురించిన వివరాల భాగం) చదువుతాయి. ఆర్గ్ ఇందుకు పూర్తిగా భిన్నం: లైను మొదట్లో * ఉండి పక్కన స్పేసు ఉంటే కోడ్ బ్లాక్‌లో ఉన్నా హెడింగే. అందుకే ఆర్గ్‌లో అలాంటి లైన్ల ముందు కామా పెట్టి దాచుతారు.

అన్నిటికంటే ఎక్కువమంది పడే గుంట వేరే ఉంది. ఒక ఫైల్లో # తర్వాత నేరుగా ### వచ్చిందనుకోండి. మీ ట్రీలో అది మొదటి నోడ్‌కి పిల్ల, అంటే లోతు 2. సేవ్ చేసేటప్పుడు లోతును బట్టి # గుర్తులు వేస్తే అది ## అయిపోతుంది. యూజర్ ముట్టుకోని హెడింగ్ మారిపోయింది! హెడింగ్ లైన్‌ను ఉన్నదున్నట్టు నోడ్‌లోనే దాచుకోండి. యూజర్ ఆ నోడ్‌ని వేరేచోటికి జరిపితేనే కొత్తగా లెక్కకట్టండి. అప్పుడు ఆరో స్థాయి దాటితే ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది, మార్క్‌డౌన్‌లో ఆరే ఉన్నాయి. నేనైతే జరపనివ్వను, ఎందుకు కుదరదో స్టేటస్ లైన్‌లో ఒక ముక్క చెబుతాను. మొదటి హెడింగ్‌కి ముందున్న టెక్స్ట్‌ని ఫైలు నోడ్ బాడీలో పెట్టండి, చాలామంది దాన్ని మర్చిపోతారు.

పైథాన్ ఫైళ్లకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు వద్దు. మూడేసి కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న స్ట్రింగ్‌లో 'డెఫ్' అనే లైను ఉంటే చాలు, బోర్లా పడతాయి. భాషతో పాటు వచ్చే, కోడ్‌ని ట్రీగా మార్చే ఏఎస్‌టీ మాడ్యూల్ ఫంక్షన్లు, క్లాసులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెబుతుంది. ముగింపు లైను పైథాన్ 3.8 నుంచి వచ్చింది. అదే 3.8లో ఇంకో మార్పు జరిగింది: డెకరేటర్ (ఫంక్షన్ పైన @తో రాసే లైను) ఉన్న ఫంక్షన్‌కి ఇచ్చే లైన్ నంబర్ డెకరేటర్‌ది కాదు, 'డెఫ్' ఉన్న లైనుది. అది చూసుకోకుండా కోస్తే @ లైన్లన్నీ పై ఫంక్షన్ నోడ్ తోకకు అతుక్కుంటాయి. టెక్స్ట్ పోదు కాబట్టి ఏ పరీక్షలోనూ దొరకదు. తర్వాత యూజర్ ఆ నోడ్‌ని పైకో కిందకో జరిపినప్పుడు డెకరేటర్ వేరే ఫంక్షన్‌కి తగులుకుంటుంది. డెకరేటర్ల జాబితాలో మొదటిదాని లైను తీసుకుని అక్కడ కోయండి. ఫంక్షన్ పైన ఖాళీ లేకుండా రాసిన కామెంట్లను కూడా దానికే చేర్చండి, చదివేవాళ్లు అలాగే అనుకుంటారు.

అందంగా ఉంటుందని మెథడ్ నోడ్లలోంచి ఇండెంటేషన్ తీసేయాలనిపిస్తుంది. చూపించేటప్పుడు తీయండి, దాచుకునేదాంట్లో తీయకండి. మూడేసి కొటేషన్ గుర్తుల స్ట్రింగ్‌లో లైను మొదటి గడి నుంచే మొదలయ్యే టెక్స్ట్ ఉంటే అందులోంచి తీయడానికి ఏమీ ఉండదు. సేవ్‌లో తిరిగి కలిపేటప్పుడు మాత్రం దానికీ నాలుగు స్పేసులు వచ్చి చేరి, ప్రోగ్రామ్ ప్రింట్ చేసేదే మారిపోతుంది.

సగం రాసిన కోడ్ మీద ఏఎస్‌టీ సింటాక్స్ ఎర్రర్ ఇచ్చి చేతులెత్తేస్తుంది. ఎడిటర్‌లోకి వచ్చే ఫైళ్లు సగం రాసినవే ఎక్కువ. చాలా భాషలకు కావాలంటే ట్రీ-సిట్టర్ అనే పార్సర్ లైబ్రరీ వైపు చూడండి. తప్పులున్న కోడ్‌కి కూడా చేతనైనంత ట్రీ ఇస్తుంది, బైటు స్థానాలు కూడా ఇస్తుంది, కోతకు అవే కదా కావాలి. లాంగ్వేజ్ సర్వర్ల (ఎడిటర్లకు కోడ్ వివరాలు అందించే ప్రోగ్రాములు) నుంచి కూడా సింబల్స్, అంటే ఫంక్షన్ల, క్లాసుల జాబితా తీసుకోవచ్చు గానీ, అవి మామూలుగా స్థానాలను యూటీఎఫ్-16 లెక్కన చెబుతాయి. తెలుగు గుర్తు ఒకటిగానే లెక్క, ఎమోజీ మాత్రం రెండు. ఆ తేడా సరిచూసుకోకపోతే ఎమోజీ ఉన్న లైన్‌లో కోత పక్కకు పడుతుంది.

ఇవన్నీ ఎంత జాగ్రత్తగా రాసినా హ్యాండ్లర్లలో తప్పులుంటాయి. అందుకే ఈ సమాధానంలో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి: ఫైలు తెరిచిన ప్రతిసారీ, విడగొట్టిన నోడ్లను వెంటనే కలిపి అసలు టెక్స్ట్‌తో పోల్చండి. అక్షరం తేడా ఉన్నా ఆ ట్రీని పక్కన పడేసి ఒకే నోడ్‌గా తెరవండి, కింద స్టేటస్ లైన్‌లో ఆ సంగతి చెప్పండి. టెస్టుల్లో మాత్రమే కాదు, యూజర్ మెషీన్ మీద, ప్రతిసారీ. రెండు స్ట్రింగులు పోల్చడానికి పట్టే సమయం ఎవరికీ తెలియదు. ఈ కాపలా ఉంటే, వేరేవాళ్లు రాసిచ్చిన హ్యాండ్లర్లను కూడా టెన్షన్ లేకుండా కలుపుకోవచ్చు.

మీరు అడగలేదు గానీ త్వరలోనే ఎదురయ్యే ప్రశ్న: నోడ్లు తెరిచి ఉంచిన తీరు, బుక్‌మార్కులు, లింకులు ఎక్కడ దాచాలి? ఫైలు మళ్లీ తెరిస్తే నోడ్లన్నీ కొత్తవే కదా. ఎడ్వర్డ్ రీమ్ రాసిన లియో ఎడిటర్ దీనికి వేర్వేరు దారులిస్తుంది, చూసి నేర్చుకోదగ్గవి. @ఫైల్ అంటే ఔట్‌లైన్ వివరాలను కామెంట్ల రూపంలో సోర్స్ ఫైల్లోనే రాస్తుంది. @ఆటో అంటే ఏ గుర్తులూ పెట్టకుండా, తెరిచిన ప్రతిసారీ కొత్తగా పార్స్ చేస్తుంది. @క్లీన్ అంటే ఫైలును శుభ్రంగా ఉంచి, బయట జరిగిన మార్పులను తన దగ్గరున్న ఔట్‌లైన్‌తో పోల్చి సరైన నోడ్లలోకి చేరుస్తుంది. @ఎడిట్ అంటే మొత్తం ఒకే నోడ్. ఒక్కరే వాడే ఫైళ్లకు మొదటిది బలమైనది. టీమ్‌లో మిగతావాళ్లు వేరే ఎడిటర్లు వాడుతుంటే వాళ్ల కోడ్‌లో మీ గుర్తులు పడితే తిట్లు తప్పవు, అక్కడ @క్లీన్ పద్ధతే నయం. మొదటి వెర్షన్‌కి @ఆటో లాంటిది చాలు.

ఓపీఎంఎల్ గురించి ఒక్క మాట. అందులో నోడ్ టెక్స్ట్ ఎక్స్‌ఎంఎల్ ఆట్రిబ్యూట్‌లో ఉంటుంది. ఆట్రిబ్యూట్‌లో నేరుగా లైన్ బ్రేక్ రాస్తే, చదివే పార్సర్ నియమం ప్రకారమే దాన్ని స్పేసుగా మార్చేస్తుంది. 
 అని రాస్తేనే నిలుస్తుంది. ఫీడ్ రీడర్ల చందా జాబితాలు కూడా ఓపీఎంఎల్‌లోనే వస్తాయి కాబట్టి మీకు తెలియని ఆట్రిబ్యూట్లను పారేయకుండా అలాగే మోసుకెళ్లండి. ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీలో బయటి ఎంటిటీలు (వేరే ఫైళ్లను లోపలికి లాగే సూచనలు) తెరవడం ఆపేయండి. ఫైలు తెరవగానే అందులోని స్క్రిప్టులు నడిచే సౌకర్యం పెట్టాలనే కోరిక ఉంటే యూజర్‌ని అడిగే నడపండి. విమ్ ఎడిటర్‌లో, ఫైల్లో ఉండే మోడ్‌లైన్ (ఎడిటర్ సెట్టింగులు చెప్పే లైను) ద్వారా ఎవరి కమాండ్లో నడిచే రంధ్రం 2019లో బయటపడి సరిచేయాల్సి వచ్చింది.

పెద్ద ఫైళ్లకు ఒక హద్దు పెట్టండి. ఈమ్యాక్స్ కోటి బైట్లు దాటితే అడుగుతుంది, అది మంచి అంకె. ఆ పైన ఉన్నవి ట్రీ లేకుండా తెరవండి. సేవ్ చేసేముందు డిస్కు మీద ఫైలు మారిందేమో సమయం, సైజు చూసి సరిచూసుకోండి. తాత్కాలిక ఫైల్లో రాసి పేరు మార్చే పద్ధతి మంచిదే గానీ, అసలు ఫైలు సింబాలిక్ లింక్ అయితే ముందు దాని అసలు చోటు కనుక్కోవాలి. లేకపోతే లింక్ స్థానంలో మామూలు ఫైలు వచ్చి కూర్చుంటుంది.

మీ స్థానంలో నేనుంటే హ్యాండ్లర్ల ఏర్పాటు, ఒకే నోడ్ హ్యాండ్లర్, కలిపి పోల్చే కాపలా మొదటి వారంలో పూర్తిచేస్తాను. తర్వాత ఎన్‌కోడింగ్, ఆపైన మార్క్‌డౌన్. పైథాన్ దాని తర్వాతే. వర్డ్ డాక్యుమెంట్లు ఎవరైనా గట్టిగా అడిగేదాకా అక్కర్లేదు. మార్క్‌డౌన్ హ్యాండ్లర్ తయారయ్యాక చిన్న స్క్రిప్ట్ ఒకటి రాసి, మీ డిస్కు మీదున్న మార్క్‌డౌన్ ఫైళ్లన్నింటినీ విడగొట్టి కలిపి, తేడా వచ్చినవాటి పేర్లు ప్రింట్ చేయించండి. దేన్నీ సేవ్ చేయనక్కర్లేదు. ఆ జాబితాలో ఎందుకు తేడా వచ్చిందో అంతుపట్టని ఫైలు ఏదైనా ఉంటే, తేడా ఉన్న ఆ నాలుగు లైన్లూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.